గోగ్రహణము, మౌసలము, బన్ని: దేవరగట్టు ఉత్సవమునకు ఇతిహాస భూమిక

కర్నూలు జిల్లా పశ్చిమభాగమున, ఆదోని ప్రాంతమునందలి హొళగుంద మండలములో, కర్ణాటక సరిహద్దుకు చేరువగా దేవరగట్టు కలదు. కొండపై వెలసిన మాళమల్లేశ్వరస్వామికి విజయదశమి రాత్రి జరుగు బన్ని ఉత్సవము లోకప్రసిద్ధము. వార్తాపత్రికలు దీనిని కర్రల సమరముగా మాత్రమే వర్ణించుచున్నవి. స్థలపురాణము దీనిని రాక్షససంహార స్మృతిగా చెప్పుచున్నది. ఈ రెండింటికిని వెనుక పశుపాలక వీరుల ప్రాచీన సంప్రదాయ మొకటి కలదనియు, దానికి మహాభారతమున రెండు ప్రతిరూపములు కానవచ్చుననియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

1. ఉత్సవ స్వరూపము

అర్ధరాత్రి స్వామికి కల్యాణము జరిగిన పిదప ఉత్సవమూర్తులను దివిటీల వెలుగులో కొండ దిగువకు ఊరేగింతురు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామములవారు మూర్తులకు రక్షకులు. పరిసర గ్రామములవారు వానిని తమవశము చేసికొన యత్నింతురు. ఇరుపక్షములవారి చేతులలోను కర్రలే ఆయుధములు. ఉత్సవమునకు ముందు రక్షక గ్రామములవారు పాలు సాక్షిగా బాస చేయుదురు. పగలు విడిచి, కట్టుబాట్లకు లోబడి మెలగుదుమని దాని తాత్పర్యము. ఊరేగింపు దారిలో రక్షపడ యను చోట గొరవయ్య తన తొడనుండి కొలది రక్తమును అర్పించును. అటుపై జమ్మిచెట్టు పూజ, తెల్లవారుజామున బసవన్న గుడివద్ద భవిష్యవాణి జరుగును.

మణి, మల్లుడను రాక్షసులను శివుడు భైరవరూపమున వధించెననియు, వారి కోరిక మేరకు ఏటేట ఈ రక్తార్పణము జరుగుచున్నదనియు చెప్పుదురు. నరబలికి మారుగా పిడికెడు రక్తము చాలుననుట ఈ కథలోని సారము. శాస్త్రపరిభాషలో ఇది ప్రతినిధి విధానము. కాళికాపురాణము కూష్మాండమును, ఇక్షుదండమును పశుబలితో సమానములుగా పరిగణించుటయు ఇట్టిదే. కావున ఈ తంతు హింసను పెంచుటకు కాక, కుదించుటకే ఏర్పడినదని గ్రహింపవలెను.

2. పశుపాలకుల దైవము

మల్లన్న, మైలారుదేవుడు, ఖండోబా అను పేర్లతో ఈ దైవము తెలంగాణ, రాయలసీమ, కర్ణాటక, మహారాష్ట్రములందు పూజలందుకొనుచున్నాడు. గొల్లలు, కురుబలు, ధనగరులు ఈ దైవమునకు ముఖ్యభక్తులు. కొమురవెల్లి, ఐనవోలు క్షేత్రములలో ఒగ్గు కథకులు గానముచేయు మల్లన్న కథలో స్వామికి బలిజ మేడలమ్మతో పాటు గొల్ల కేతమ్మ భార్య. వర్తకునకును పశుపాలునకును నడుమ నున్న సంబంధమునకు ఈ ద్వికల్యాణము ప్రతీక.

క్రీడాభిరామమున మైలారుదేవుని వీరభక్తుల సాహసములు వర్ణితములైనవి. ఆ వీరులు నిప్పులలో దూకుట, శరీరమునకు కొంకులు గుచ్చుకొనుట మున్నగు కృత్యములను తమ దేహములపైననే చేసికొనిరి. పరులను గాయపరచుట ఆ వ్రతములో లేదు. ఈ భేదము మన విషయమున మిక్కిలి ముఖ్యము.

3. శమీవృక్షము – గోగ్రహణము

బన్ని యనునది జమ్మిచెట్టునకు కన్నడనామము. ఇది వహ్ని శబ్దభవమని నిఘంటుకారులు చెప్పుదురు. శమి అగ్నిగర్భ యగుటచే ఈ వ్యుత్పత్తి అర్థవంతము. విజయదశమినాడు శమీపూజకు లోకమున చెప్పు కారణము విరాటపర్వములోనిది. అజ్ఞాతవాసారంభమున పాండవులు శ్మశానసమీపమున గల శమీవృక్షముపై ఆయుధములను దాచిరి. కౌరవులు విరాటుని అరువదివేల గోవులను మరల్చుకొనిపోవగా, బృహన్నలవేషధారియైన అర్జునుడు ఆ చెట్టుపైనుండి గాండీవమును దింపించెను. కనుక శమీపూజకు మూలకథ గోగ్రహణమే.

గవిష్టి యను వైదికపదమునకు గోవులను కోరుట యని శబ్దార్థము, యుద్ధమని ప్రయోగార్థము. తమిళమున తొల్కాప్పియము ఆలమందలను పట్టుటను వెట్చియను తిణైగా చెప్పినది. మందలను విడిపించుకొనుటకు కరందై యను పేరు కలదు. కన్నడసీమలోని వీరగల్లులనేకము ఆలమందలకై పోరాడి మరణించినవారి స్మారకములు. ఇట్టి సీమలో మూర్తులను పట్టుట, కాపాడుట యను రెండు పక్షములు ఏర్పడుటలో ఆశ్చర్యము లేదు. ఇచ్చట మందల స్థానమున మూర్తులు నిలిచినవి.

ఉత్సవమున వినవచ్చు ‘గోపరాక్’ అను కేకలో గోశబ్దమును చూచుటకు మనసు ఉబలాటపడును. కాని ధ్వనిసామ్యమొక్కటే వ్యుత్పత్తికి ప్రమాణము కాదు. మన వాదమునకు శమీపూజయు, పాలబాసయు చాలును.

అర్జునుని యుద్ధమెట్లు ముగిసెనో కూడ పరిశీలింపవలెను. పోరు ఘోరముగనే జరిగినది, వీరులును కూలిరి. తుదకు మాత్రము అర్జునుడు సమ్మోహనాస్త్రముచే కురువీరులను మూర్ఛిల్లజేసి, వారి ఉత్తరీయములను ఉత్తరునిచే తెప్పించి, గోవులను మరల్చెను. చేతికి చిక్కిన శత్రువుల ప్రాణములు తీయలేదు. గోవులు దక్కుటయే విజయము, వస్త్రములే విజయచిహ్నములు.

4. తిక్కనల కాలము – కాటమరాజు

ఈ విరాటపర్వమును తెలుగు చేసిన తిక్కన సోమయాజి కాలమున, నెల్లూరు సీమలోనే నిజమైన పశుయుద్ధము జరిగినది. కాటమరాజు కథాసంప్రదాయము ప్రకారము అనావృష్టిచే తరలివచ్చిన యాదవవీరులు నెల్లూరుప్రభువు బీళ్లలో పుల్లరి ఒడంబడికతో మందలను మేపిరి. కోడెదూడలను ఇచ్చుట వారి బాధ్యత, మందలను రక్షించుట రాజు బాధ్యత. రాజపక్షమున గోవులకు హాని కలుగగా కాటమరాజు పుల్లరి నిరాకరించెను. ఆ పోరులో కవితిక్కన వంశమువాడే యైన ఖడ్గతిక్కన నేలకొరిగెనని ప్రసిద్ధి. కొమ్ములవారు నేటికిని పాడు ఈ గాథ విజయగానముకాదు, ఒడంబడిక భగ్నమైన దుఃఖము. పాలబాసను గౌరవించు దేవరగట్టు వారికి దీని అర్థము వేరుగ చెప్పనక్కరలేదు.

5. సముద్రతీరమున యాదవులు

కాటమరాజు వంశమువారు తమ్ము కృష్ణుని సంతతిగా చెప్పుకొందురు. ఆ యదువంశము గోకులమున పశుపాలకము, ద్వారకలో సముద్రదుర్గవాసి. గురుపుత్రునికై కృష్ణుడు సముద్రమున జొచ్చి పంచజనుని వధించి శంఖమును గైకొనుట ఆ వంశపు సముద్రవిక్రమమునకు నిదర్శనము. ఆలమందలను మరల్చుట, సాగరముపై దండెత్తుట ప్రాచీనులకు ఒకే వీరధర్మపు రెండు ముఖములు. గ్రీకుల ఇలియడ్ కావ్యములో ఎకిలీజ్ తాను పండ్రెండు పురములను ఓడలతో, పదునొకండింటిని భూమార్గమున కొల్లగొట్టితినని చెప్పుకొనుటయు, నెస్టరు తన యౌవనమునాటి పశుహరణమును కీర్తించుకొనుటయు ఇట్టివే.

అట్టి వంశము నశించిన తీరు మౌసలపర్వవిషయము. ద్వారకలో మద్యనిషేధము చాటబడినను ప్రభాసతీర్థమున యాదవులు మత్తులై, సాత్యకి కృతవర్మల వాగ్వాదముతో ఆరంభించి, ముసలములుగా మారిన తుంగకాడలతో ఒకరినొకరు చంపుకొనిరి. పిదప ద్వారక సముద్రమున మునిగెను. శేషించిన స్త్రీజనమును తోడ్కొనిపోవు అర్జునుని అడ్డగించిన ఆభీరులు యష్టిప్రహరణులు, అనగా కర్రలే ఆయుధములుగా గలవారు. గోగ్రహణమున జయించిన గాండీవధారి ఈ కర్రల యెదుట నిస్సహాయుడయ్యెను. ఇతిహాసము ఈ రెండు ఘట్టములను ఒకే వీరుని జీవితమున నిలిపినది.

6. ఫలితార్థము

దేవరగట్టులో ఏటేట పలువురు గాయపడుచున్నారు. పలు సంవత్సరములలో ప్రాణనష్టమును జరిగినది. ఆంక్షలు విధించిన ప్రతిసారి సంప్రదాయమను మాట వినవచ్చును. సంప్రదాయమేది యని నిర్ణయించుట పండితుల కర్తవ్యము. పాలబాస, మూర్తిరక్షణ, పిడికెడు రక్తము, శమీపూజ – ఇవి గోగ్రహణపక్షమునకు చెందిన అంగములు. మద్యము, ఇనుపకట్లు వేసిన కర్రలు, పాతకక్షలు మౌసలపక్షమునకు చెందినవి. మొదటివి తొలగినచో ఉత్సవము లేదు. రెండవవి తొలగినచో ఉత్సవమునకు లోపమేమియు లేదు.

అధ్యాపకులు విరాట మౌసల పర్వములను విడివిడిగా కాక ఎదురెదురుగా నిలిపి బోధించిన బాగుండును. ఆ సీమనుండి వచ్చు విద్యార్థులచే గొరవయ్యల నోటికథలను, పాలబాసలోని మాటలను యథాతథముగా వ్రాయించి భద్రపరచుట తక్షణకర్తవ్యము. బాసలోని పదములు మరుగునపడినచో మిగులునది కర్ర యొక్కటే.