బతుకుతెరువుకు కొన్న మెషీన్ పాడైతే అడిగే హక్కు మనకుందా?

"ఇది ఇంటి వాడకానికి ఇచ్చిన మెషీన్ అన్నా. నువ్వు కార్పెట్ క్లీనింగ్ పనికి తిప్పావు. వారంటీ రాదు." సోఫాలు, కార్పెట్లు శుభ్రం చేసే పని పెట్టుకున్నవాళ్లకి సర్వీస్ సెంటర్లో తరచూ ఎదురయ్యే మాట ఇది. మోటార్ కాలిన వ్యాక్యూమ్ క్లీనర్ ఒకపక్క, రేపటికి ఒప్పుకున్న ఫంక్షన్ హాల్ పని ఇంకోపక్క. ఆ ఒక్క మాటకి నోరు మూసుకుని, మళ్లీ అప్పుచేసి ఇంకో మెషీన్ కొనేవాళ్లున్నారు. అలా వెనక్కి తగ్గక్కర్లేదు. కానీ మన హక్కు నిలబడాలంటే జాగ్రత్త కొనేటప్పుడే మొదలు కావాలి.

ముందు అసలు ప్రశ్న చూద్దాం. వ్యాపారానికి కొన్నవాడు వినియోగదారుడు కాడని అంటారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7)లో ఆ మాట ఉన్నది నిజమే. వాణిజ్య ప్రయోజనానికి సరుకు కొన్నవారిని ఆ నిర్వచనం బయట పెట్టింది. అయితే దాని కిందే వివరణ ఉంది. కేవలం స్వయం ఉపాధితో జీవనోపాధి పొందడానికి కొని, తానే వాడుకునే సరుకు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. షాపువాళ్లు మొదటి సగం చెప్పి ఊరుకుంటారు. మనం రెండో సగం పట్టుకోవాలి.

దీని మీద సుప్రీంకోర్టు 1995లోనే, లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో, స్పష్టంగా చెప్పింది. ఆటో కొని తానే నడుపుకునేవాడు, లేత్ మెషీన్ కొని తానే పని చేసుకునేవాడు వినియోగదారులే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హోదా పోదు. అదే మెషీన్ కొని పూర్తిగా వేరేవాళ్ల చేత నడిపిస్తే మాత్రం వినియోగదారుడు కాడు. 2018లో పారామౌంట్ డిజిటల్ కలర్ ల్యాబ్ కేసులో, ఇద్దరు నిరుద్యోగ పట్టభద్రులు భాగస్వాములుగా ఫొటో ప్రింటింగ్ యంత్రం కొనుక్కుంటే వాళ్లనీ వినియోగదారులుగానే గుర్తించింది. ఒక కుర్రాడు బండి మీద వ్యాక్యూమ్ క్లీనర్ కట్టుకుని, తమ్ముణ్ని వెంటబెట్టుకుని లాడ్జి గదుల్లో కార్పెట్లు, మసీదుల్లో తివాచీలు శుభ్రం చేసి ఇల్లు గడుపుకుంటుంటే, అతని సంగతీ ఇంతే. పది మెషీన్లు కొని జీతగాళ్లతో నడిపే ఏజెన్సీ సంగతి వేరు. దానికి సివిల్ కోర్టే దారి.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. 2024లో శ్రీరామ్ చిట్స్ కేసులో సుప్రీంకోర్టు రుజువు బాధ్యత ఎవరిదో తేల్చింది. లావాదేవీ వాణిజ్య ప్రయోజనానికి జరిగిందని నిరూపించాల్సింది ఎదుటి పక్షం. వాళ్లు అది నిరూపిస్తే, ఇది నా బతుకుతెరువుకేనని చూపించుకోవాల్సిన బరువు మన మీద పడుతుంది. అందుకు కాగితాలు కావాలి. ముద్ర రుణానికి దరఖాస్తు పెట్టుకుని ఉంటే అందులో ఏ పనికి అప్పు అడుగుతున్నారో రాసి ఉంటుంది, అది గట్టి ఆధారం. కూలి డబ్బు జమైన బ్యాంకు ఖాతా వివరాలు, పని ఇచ్చినవాళ్ల రసీదులు కూడా పనికొస్తాయి.

ఇక కొనే దగ్గరికి వద్దాం. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో సెక్షన్ 16 అని ఒకటి ఉంది. ఈ వయసులోనూ దానికి పదును తగ్గలేదు. ఏ పనికి కావాలో మీరు అమ్మేవాడికి తెలియజేసి, ఆ సరుకు అమ్మడమే వృత్తిగా ఉన్న అతని అనుభవం మీద ఆధారపడి కొంటే, అది ఆ పనికి పనికొచ్చేలా ఉండాలన్నది చెప్పకపోయినా అమ్మకంలో షరతే. కానీ బ్రాండు పేరు చెప్పి "ఫలానా మోడల్ ఇవ్వండి" అని అడిగి తీసుకుంటే ఆ రక్షణ దొరకడం కష్టం. కాబట్టి షాపుకెళ్లి మోడల్ పేరు చెప్పకండి, మీ పని చెప్పండి. ఇంకా మంచిది, డీలర్‌కి వాట్సాప్‌లో రాయండి: "రోజుకి ఆరేడు గంటలు ఆఫీసు కార్పెట్లు, హోటల్ గదులు శుభ్రం చేస్తాను. ఏ మెషీన్ తట్టుకుంటుంది?" అతను ఇచ్చే జవాబు రేపు మీ సాక్ష్యం. ఆ మెసేజ్ తుడిచేయకండి. కోటేషన్ మీదా బిల్లు మీదా "కార్పెట్ క్లీనింగ్ పనికి" అని రాయించుకోండి. రాయనంటే ఆ షాపు దాటి వచ్చేయడమే మేలు.

సరైన ప్రశ్న అడగాలంటే మెషీన్ గురించీ కాస్త తెలియాలి. వాట్లు ఎక్కువుంటే బాగా లాగుతుందన్న నమ్మకం మన బజార్లలో బాగా పాతుకుపోయింది. వాట్లు చెప్పేది అది తాగే కరెంటు మాత్రమే. యూరోపియన్ యూనియన్ 2017 నుంచి ఇళ్లలో వాడే వ్యాక్యూమ్ క్లీనర్లను 900 వాట్లలోపే ఉంచాలని కట్టడి చేసింది, అక్కడి ఇళ్లలో దుమ్మేమీ మిగిలిపోలేదు. గాలి ఎంత పారుతుంది, లాగుడు ఎంత అన్నవి అడగాలి. కార్పెట్ నూలు అడుగున ఇరుక్కున్న ఇసుక ఒట్టి లాగుడికి లేవదు, తిరిగే బ్రష్ ఉండాలి. అయితే ఏలూరు తివాచీల వంటి చేతి ముడుల ఉన్ని రకాల మీద ఆ బ్రష్ ఆపగలిగే ఏర్పాటూ ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం మోటార్. కొన్నిట్లో లాగిన గాలే మోటార్ మీదుగా పోయి దాన్ని చల్లబరుస్తుంది. సంచి నిండినా, ఫిల్టర్ పూడుకుపోయినా ఆ గాలి తగ్గి మోటార్ వేడెక్కి కాలుతుంది. బైపాస్ మోటార్‌కి చల్లదనానికి వేరే గాలి దారి ఉంటుంది. నీళ్లు లాగే మెషీన్లలో అదే వాడతారు. రోజంతా తిప్పే పనికి బైపాస్ మోటార్ అడగండి. ఇంటి మెషీన్ చవకగా వస్తోందని తీసుకుంటే, కాలిన రోజున "ఫిల్టర్ శుభ్రం చేయలేదు, మీ తప్పే" అనే మాట సిద్ధంగా ఉంటుంది.

డబ్బు కట్టే ముందే వారంటీ కార్డు తెరిపించి చదవండి. "గృహ వినియోగానికి మాత్రమే" అన్న వాక్యం వెనకవైపు, చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది ఉంటే ఆ మోడల్ వద్దు. వాణిజ్య వాడకానికి వారంటీ ఎన్ని నెలలో, మోటార్‌కి, దాని లోపలి కార్బన్ బ్రష్‌లకి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. బిల్లు ఇవ్వకపోవడం చట్టరీత్యా అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోనంటే అదీ అనుచిత పద్ధతే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న రబ్బరు స్టాంపు చూసి జంకకండి. లోపమున్న సరుకు విషయంలో ఆ స్టాంపు కంటే చట్టం మాటే చెల్లుతుంది.

మెషీన్ పాడైతే వీధిలో మెకానిక్ చేత విప్పించకండి. విప్పారంటే లోపం ఎవరిదో తేల్చడం కష్టమవుతుంది. సర్వీస్ సెంటర్లో ఇచ్చి, తారీఖుతో జాబ్ షీట్ తీసుకోండి. వారంటీ నిరాకరిస్తే కారణం రాసివ్వమనండి. జవాబు రాకపోతే 1915 నంబరుకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మెషీన్ ఏ ఊళ్లో కొన్నా, మీరు ఉండే చోటో పనిచేసే చోటో కేసు వేయొచ్చు. చెల్లించిన ధర 50 లక్షల వరకు జిల్లా కమిషన్‌దే పరిధి. 5 లక్షల వరకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేసుకోవచ్చు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ల గడువు దాటనీయకండి. లోపం పరీక్షించి తేల్చాల్సినదైతే కమిషనే మెషీన్‌ని ల్యాబ్‌కి పంపుతుంది. దాని ఫీజు ముందు మీరు కట్టాలి.

ఫిర్యాదు రాసేటప్పుడు ఈ వాక్యం మాత్రం మరిచిపోవద్దు: "ఈ యంత్రాన్ని కేవలం స్వయం ఉపాధి ద్వారా నా జీవనోపాధి కోసమే కొన్నాను, నేనే స్వయంగా వాడుతున్నాను." ధర, కొన్న తారీఖు, పాడైన తారీఖు, మీరు కోరేది మరమ్మతా, కొత్త మెషీనా, వడ్డీతో సొమ్మా అన్నవి దాని కిందే రాయండి. పని పోయిన రోజుల నష్టపరిహారం కూడా విడిగా అడగండి, ఆ రోజుల్లో రద్దయిన పనుల మెసేజ్‌లు జత చేయండి.