తమ్ముళ్ళకు చదవడం వచ్చేదెలా?

సాయంత్రం స్టడీ అవర్‌లో మూడో తరగతి తమ్ముళ్ళు వరుసగా కూర్చుని పాఠం చదువుతుంటే మన హాస్టలంతా మారుమోగుతుంది. వింటే అందరికీ చదవడం వచ్చనే అనిపిస్తుంది. మేమూ అలాగే అనుకున్నాం. ఒకరోజు ఒక తమ్ముడు పాఠమంతా తప్పు లేకుండా చదివాడు. వేలు మాత్రం పక్క పేజీలోని బొమ్మ మీద ఉంది! అదే పాఠంలోని 'వాన' అనే మాటను పలక మీద విడిగా రాసి చూపితే తల దించుకున్నాడు. ఇన్నాళ్ళూ గుంపులో గొంతు కలిపి నెట్టుకొచ్చాడన్నమాట. దాచడమెందుకు, మాలోనూ కొందరం ఆరో తరగతి దాకా అలాగే వచ్చాం.

కాబట్టి మొదట ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి. ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో 2005లో మొదలైన అసర్ సర్వేలో చేసేదీ ఇదే. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ - వీటిలో పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో చూస్తారు. ఏ తరగతివాడైనా సరే, ఆగినచోటి నుంచే మొదలుపెట్టాలి.

ప-వ, వ-మ, బ-భ తేడాలు కొన్నాళ్ళకు వాటంతటవే కుదురుతాయి. గుణింతం సంగతి వేరు. పాటలాగా అప్పజెప్పేవాడిని ఉన్నట్టుండి 'కొ' ఏదని అడిగితే, 'క' దగ్గర నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తాడు. అందుకే వరుస తప్పించి అడగాలి.

అసలు చిక్కు ఒత్తులతో. గ, డ, ద ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరాలే గనుక 'అగ్గి', 'గడ్డి', 'ముద్ద' పోల్చుకుంటారు. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే లేదు. వీటిని పట్టికలో బట్టీ పట్టిస్తే రావు. అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల - ఈ ఆరు మాటలు రాసిపెడితే చాలు, ఆరు ఒత్తులూ వచ్చేస్తాయి.

'వెళ్ళాడు' అని ఉన్నచోట ఎవరైనా 'పోయిండు' అని చదివితే మొట్టికాయ వేయకండి. వాడికి అర్థమైంది! ఆ మాట మీద వేలు పెట్టి మరోసారి చదివిస్తే సరి.

చదవడానికి పాఠ్యపుస్తకమే అక్కర్లేదు. ట్రంకు పెట్టెల మీద పేర్లున్నాయి, గోడకు మెనూ బోర్డుంది. వార్షికోత్సవానికి పండ్లు తెచ్చే పూర్వ విద్యార్థులు నాలుగు బొమ్మల కథల పుస్తకాలు కూడా తెస్తే మరీ సంతోషం.

వేలు బొమ్మ మీద పెట్టిన ఆ తమ్ముడు ఇప్పుడు రోజూ మెనూ బోర్డు చదువుతున్నాడు. మొన్న బోర్డు మీద 'గుడ్డు' అని ఉంది, పళ్ళెంలో లేదేమని వార్డెన్ సార్‌ను అడిగింది వాడే.