ధ్యానాభ్యాసము – ఆత్మాభివృద్ధిని గుర్తించు విధము



నిత్యము ధ్యానము సలుపువారిలో ననేకులు కొంతకాలమునకు "నాయందేమైన మార్పు గలిగినదా?" యని సందేహింతురు. కన్నులు మూసినప్పుడు వెలుఁగు గానవచ్చిన వృద్ధి యనియు, మనస్సు చెదరిన క్షీణత యనియుఁ గొందఱు తలంతురు. ఈ కొలత సరియైనది కాదు. ఏలయన, ఆసనముపైఁ గలుగు సుఖము గడియలో వచ్చి గడియలోఁ బోవును. స్వభావమునందలి మార్పు నడవడియందే తెలియును.

మా బుక్కరాయసముద్రపుఁ జెఱువే యిందులకుఁ దగిన దృష్టాంతము. 14వ శతాబ్దమున, మొదటి బుక్కరాయల కాలమున, పండమేరు నీటిని నిలిపి దీనిని నిర్మించిరి. ఈ సీమలో సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. ఒక్కొకయేఁడు అదియును రాదు. ఒక రాత్రి జడివానను జూచి యే రైతును నిశ్చింతుఁడు కాఁడు. కట్టక్రింది బావులలో నూట నిలిచెనా, వేసవిలోఁగూడఁ జేదకు నీరందెనా యని చూచును. ప్రాతఃకాలమున మనకుఁ గలిగిన శాంతియు మధ్యాహ్నపు వ్యవహారములలోనికి నూరినదా యని యట్లే పరీక్షింపవలెను.

ఈ కట్ట తెగఁబోవఁగా ముసలమ్మ యను కోడలు గ్రామరక్షణకై ప్రాణమర్పించెనని యిచటి కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో రచించిన 'ముసలమ్మ మరణము' కిదియే యితివృత్తము. ఆమె త్యాగమునకు నమస్కరింతము. కాని నరబలిని గోరు దైవమును మనమంగీకరింపఁజాలము. ఎండ్రకాయ బొఱియను, చీమపుట్టను నాఁటికానాఁడు చూచి పూడ్చు కావలియే కట్టను నిలుపును. నిత్యధ్యాన మట్టి కావలి.

మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారు (1817–1905) 1843లో బ్రాహ్మధర్మదీక్ష గైకొని నిత్యోపాసన సాగించిరి. 1846లో తండ్రిగారు గతించిరి. 1848లో కుటుంబవ్యాపారము కూలెను. ధర్మనిధిపత్రముచే రక్షితమైన యాస్తిపై ఋణదాతల కధికారము లేకున్నను, వారు దానినిఁగూడ నప్పగింప సిద్ధపడి, కాలక్రమమున ఋణములఁ దీర్చిరి. న్యాయవాదినగు నాకు, చట్టము విడిచినను మనస్సాక్షి విడువని యీ ఘట్టమే వారి ధ్యానమునకు బలమైన సాక్ష్యముగాఁ దోఁచును. 1856లో హిమాలయముల కరిగిన యా మహర్షి, పల్లమునకుఁ బ్రవహించి భూములఁ దడుపు నదిని జూచి, తామును జనులలోనికి దిగవలెనని గ్రహించి, 1858లో మరలి వచ్చిరి.

నా యనుభవము స్వల్పము. ఆఱేండ్లుగా నుదయమున నరగంట కూర్చుండుచున్నాను. మొదటి రెండేండ్లు మనస్సు దావా కాగితములపైననే తిరిగినది. వృథా యని మానఁదలఁచితిని. అంతలో, చెఱువునీటి తగవులో నోడిన కక్షిదారుఁడొకఁడు మా యింటికి వచ్చి పదిమందిలో నన్ను నిందించెను. పూర్వమైన నతనిని గెంటించియుందును. ఆనాఁడు తుదివఱకు వింటిని. వినఁగా, ముఖ్యమైన సాక్షి నొకని విచారింపక విడిచిన తప్పు నాదేయని తెలిసినది. ఒప్పుకొని, ఫీజు తిరిగి యిచ్చి, అప్పీలు నడిపితిని. అదియును బోయినది. నేఁటికిని నాకుఁ దప్పులు లేకపోలేదు. వానిని వినుటకు మాత్రము కొంత యోర్పు గలిగినది.

కావున నెలకొకసారి యీ ప్రశ్నల వేసికొనుఁడు. వచ్చిన కోప మెంతసేపటికిఁ జల్లారినది? నిందను దుదివఱకు వింటినా? సేవకునితోను, తక్కువవాఁడని లోకము దూరముంచినవానితోను మాటాడు నా స్వరము మాఱినదా? ఎవ్వరును జూడనిచోట నా లెక్క సరిగా నున్నదా? ఉత్తరమును గృహిణినో గుమాస్తానో యడుగుట మేలు. మన పద్దులను మనమే తనిఖీ చేసికొన్నచోఁ బొరపాటు కానరాదు.

మనస్సు శుష్కమైన దినములలో సాధన మానవలదు. చెఱువు ఎండిన యేఁటనే గదా పూడిక తీయుదురు! వాన పరమేశ్వరుని యనుగ్రహము. పూడిక తీయుట మన పని.