కర్మవిపాకము – ప్రకృతి వైపరీత్యములు : బౌద్ధ దృష్టి

భూకంపమో, తుపానో, వరదయో సంభవించినపుడు లోకులు తరచుగా పలుకు మాట యొకటి కలదు: “వారి కర్మ అట్లున్నది, ఎవరేమి చేయగలరు?” ఓదార్పుగా పలికినను, ఈ మాటలో ఒక తీర్పు దాగియున్నది. బాధపడినవాడు ఆ బాధకు తగినవాడే యని దాని భావము. ఈ తీర్పు శాస్త్రసమ్మతమా? జైనులవలెనే కర్మసిద్ధాంతమును ప్రధానముగా గ్రహించిన బౌద్ధులు దీనిని గూర్చి యేమి చెప్పిరో విచారించుట యుక్తము.

బెంగుళూరు తూర్పు భాగమున, కుందలహళ్ళి చెరువునకు సమీపమున బ్రూక్‌ఫీల్డ్ కలదు. తెలుగు కుటుంబములు అనేకము అచ్చట నివసించుచున్నవి. 2022 సెప్టెంబరు 4వ తేదీ రాత్రి మొదలు మరునాటి ఉదయము లోపల నగరమున సుమారు 130 మిల్లీమీటర్ల వర్షము కురిసెను. బ్రూక్‌ఫీల్డ్ చేరియున్న మహదేవపుర ప్రాంతమున అనేక వీధులు జలమయమయ్యెను. బెళ్ళందూరు, యమలూరు వైపున జనులను పడవలమీదను, ట్రాక్టర్లమీదను తరలింపవలసి వచ్చెను. ధనికుల భవనములలోనికిని, కూలీల గుడిసెలలోనికిని ఒకే నీరు ప్రవేశించెను. ఇందరి పూర్వకర్మ ఒక్క రాత్రియందే పక్వమయ్యెనా?

బౌద్ధసూత్రముల సమాధానము

సంయుత్త నికాయములో మోళియ సీవకుడను పరివ్రాజకుడు బుద్ధుని ఇట్టి ప్రశ్ననే అడిగెను. మనుష్యుడు అనుభవించు సుఖదుఃఖములన్నియు పూర్వకర్మ ఫలములేనా యని అతని సందేహము. బుద్ధుడు కాదని చెప్పి, వేదనలకు ఎనిమిది కారణములను పేర్కొనెను: పిత్తము, శ్లేష్మము, వాతము, ఈ మూటి కలయిక, ఋతుపరిణామము, అజాగ్రత్తగా మెలగుట, ఇతరుల దాడి, కర్మవిపాకము. ఎనిమిదింటిలో కర్మ యొకటి మాత్రమే. ఋతువు దానికి భిన్నముగా చెప్పబడినదని పాఠకులు గమనింపవలెను.

క్రీ. శ. 5వ శతాబ్దివాడైన బుద్ధఘోషుని పేర ప్రసిద్ధమైన అట్ఠసాలినీ వ్యాఖ్య ఈ విషయమును ఐదు నియమములుగా విభజించినది. అవి ఋతునియమము, బీజనియమము, కర్మనియమము, చిత్తనియమము, ధర్మనియమము. ఎండయు వానయు మొదటి దానికి చెందినవి.

బౌద్ధులలో వేరొక ధోరణియు లేకపోలేదు. వసుబంధుడు అభిధర్మకోశమున లోకవైచిత్ర్యము ప్రాణుల కర్మలవలన పుట్టినదని చెప్పెను. దీనిని బట్టి కొందరు వైపరీత్యములను సమష్టికర్మ ఫలముగా వ్యాఖ్యానింతురు. కాని ఫలానావాడు ఫలానా పాపముచేత మునిగెనని చెప్పుటకు ఇదియు ఆధారము కాదు. కర్మవిపాకము ఊహకందనిదనియు, దానిని తర్కించువానికి మతి చలించుననియు అంగుత్తర నికాయము హెచ్చరించుచున్నది.

జైనదృష్టితో పోలిక

అనుభవమంతయు పూర్వకర్మమే యను వాదమును మజ్ఝిమ నికాయములోని దేవదహ సూత్రము నిర్గ్రంథులకు అంటగట్టి ఖండించినది. అయితే జైనాచార్యుల మతము అంత ఏకాంతమైనది కాదు. అసాతావేదనీయ కర్మ ఉదయించుటకు ద్రవ్య క్షేత్ర కాల భావములను నిమిత్తములు కావలెను. సిద్ధసేన దివాకరుడు సన్మతి తర్కమున కాలము, స్వభావము, నియతి, పూర్వకృతము, పురుషకారము అను ఐదింటిని కలిపి చూడవలెననియు, వానిలో ఒక్కదానినే కారణమనుట మిథ్యాత్వమనియు నిర్ణయించెను. కర్మ యొక్కటియే చాలదను విషయమున ఇరువురి మార్గములును ఇచ్చట కలియుచున్నవి.

అనుభవము చెప్పునది

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. 1990 మే నెలలో దాదాపు అంతటి తీవ్రమైన తుపాను మరల కోస్తాను తాకెను. ఈసారి మృతులు సుమారు వేయిమంది. పదమూడేండ్లలో తీరవాసుల పూర్వకర్మ పదవవంతునకు తగ్గెనా? లేదు. ముందుగా హెచ్చరికలు అందెను, తుపాను ఆశ్రయములు వెలసెను, లక్షలాది జనులను తరలించిరి. మారినది పురుషకారమే.

బెంగుళూరు వరదకును కారణములు దాచబడి లేవు. పెద్దనది లేని ఆ నగరమున పూర్వులు చెరువులను గొలుసుగా నిర్మించి, పైచెరువు పొంగిన నీరు రాజకాలువల ద్వారా దిగువచెరువును చేరునట్లు ఏర్పరచిరి. కాలక్రమమున ఆ కాలువలు కొన్నిచోట్ల ఆక్రమణకు లోనయ్యెను, కొన్నిచోట్ల పూడిపోయెను. 2022 వరద తరువాత నగరపాలకులు ఆక్రమణలను తొలగింప పూనుకొనిరి. కాలువను పూడ్చి కట్టడము లేపినవాడు ఒకడు, నీటిలో పరుపు తడిసిన కూలివాడు మరియొకడు. ఇట్టిచోట బాధితుని పూర్వజన్మను నిందించినచో, నేటి కర్త తప్పించుకొనును. అది ఈనాటి ఖర్చును ఎన్నడో ముగిసిన చిట్టాలో వ్రాయుట వంటిది. ఏ నిజాయితీగల వర్తకుడును అట్టి లెక్కను ఒప్పుకొనడు.

కావున బౌద్ధుల కర్మసిద్ధాంతము వాన యెందుకు కురిసెనో చెప్పు శాస్త్రము కాదు. వానకు పూర్వము ఏమి చేసితిమి, వాన వెలిసిన పిదప ఏమి చేయుచున్నాము అని అడుగు శాస్త్రము. స్థలము కొనునపుడు దాని మీదుగా నీటిదారి యున్నదా యని విచారించుట, లాభమునకై కాలువను ఆక్రమింపకుండుట, మునిగినవాని యోగ్యతను తూచక అన్నము పెట్టుట – ఇవి నేటి కర్మలు. వీని ఫలము పొరుగువానికిని చెందును. ఆపదలోనున్నవానిని చూచి “వాని కర్మ” యని తప్పుకొనుటయు ఒక కర్మమే. దానికిని ఫలము కలదని మరువరాదు.