రక్తం కోలుకున్నా నరాలు దెబ్బతినవచ్చు: బి12 లోపంపై ఆరోగ్య పాఠం

రక్తహీనత అనగానే ఇనుము మాత్రలు, ఆకుకూరలు గుర్తుకు వస్తాయి. అయితే రక్తహీనతకు ఆహారలోపం ఒక్కటే కారణం కాదు. ఆహారంలో బి12 విటమిన్ తగినంత ఉన్నా, దానిని ఒంటికి పట్టించే ఏర్పాటు జీర్ణాశయంలో చెడిపోవచ్చు. అందువల్ల కలిగే వ్యాధిని పెర్నీషియస్ ఎనీమియా అంటారు.

రెండు లక్ష్యాలు

జీర్ణాశయపు గోడలోని పెరైటల్ కణాలు రెండు పనులు చేస్తాయి. ప్రోటాన్ పంపు అనే ప్రోటీను సాయంతో ఆమ్లాన్ని స్రవిస్తాయి. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే మరొక ప్రోటీనును తయారుచేస్తాయి. బి12 దీనితో జతకూడితేనే చిన్నపేగు చివరి భాగం దానిని చక్కగా గ్రహిస్తుంది.

సూక్ష్మజీవులతో పోరాడవలసిన రోగనిరోధక వ్యవస్థ కొందరిలో ఈ రెండు ప్రోటీన్లనే శత్రువులుగా భావిస్తుంది. ప్రోటాన్ పంపుపై సాగే దాడిలో పెరైటల్ కణాలు క్రమంగా నశిస్తాయి. ఆమ్లం తగ్గి, తరచుగా ముందు ఇనుము లోపం కనబడుతుంది. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌పై పుట్టిన యాంటీబాడీలలో కొన్ని బి12 చేరే చోటును మూసివేస్తాయి. మరికొన్ని ఆ జంటను పేగు అందుకోకుండా అడ్డుకుంటాయి. కాలేయంలో బి12 నిల్వ కొన్నేళ్లకు సరిపోతుంది కనుక వ్యాధి ఆలస్యంగా బయటపడుతుంది.

ఫోలిక్ ఆమ్లం నేర్పిన పాఠం

1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో అమెరికాలోని లెడర్లే సంస్థ పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. గర్భిణులకు నేటికీ ఇచ్చే మందు అది. ఆ రోజుల్లో వైద్యులు దానిని పెర్నీషియస్ ఎనీమియాకు కూడా వాడిచూశారు. రక్తం మెరుగుపడింది, నరాల క్షీణత మాత్రం ఆగలేదు. 1948లో బి12ను వేరుచేసిన తరువాతనే అసలు మందు చేతికి అందింది.

మనం చేయవలసినది

అరికాళ్ల తిమ్మిరి, నడకలో తూలడం, నాలుక మంట, మతిమరుపు, తగ్గని నీరసం ఉన్నవారు సొంతంగా బలం మాత్రలు కొని కాలం గడపరాదు. భంజనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో గాని వైద్యులను సంప్రదించి, బి12 పరీక్ష అవసరమా అని అడగండి. థైరాయిడ్ వ్యాధి, బొల్లి ఉన్నవారు, అవి కుటుంబంలో ఉన్నవారు ఆ సంగతి తప్పక చెప్పండి. మాంసాహారం, పాలు బొత్తిగా తీసుకోనివారిలో ఆహారం వల్లనే బి12 తగ్గవచ్చు. కనుక మీ భోజనపు అలవాట్లూ తెలియజేయండి.

ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ యాంటీబాడీ కనబడితే నిర్ధారణకు గట్టి ఆధారం. కనబడనంత మాత్రాన వ్యాధి లేదనలేము. పెరైటల్ కణాల యాంటీబాడీ కొందరు ఆరోగ్యవంతులలోనూ ఉంటుంది. వ్యాధి నిర్ధారణ అయితే బి12 సూదిమందు గాని, వైద్యులు నిర్ణయించిన అధిక మోతాదు మాత్రలు గాని సాధారణంగా జీవితాంతం అవసరం. నీరసం తగ్గిందని మధ్యలో మానకండి. నరాలకు జరిగిన నష్టం ముదిరితే పూర్తిగా పూడకపోవచ్చు.