గోదారి పెరగకముందే లేత్ మిషన్ గట్టెక్కాలి

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు తాకితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇక్కడి వాళ్లకు ఈ మూడు అంకెలు నోటికొచ్చినవే. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు వెళ్లింది. 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది, వంతెన మీద రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి రోజున పాల్వంచ నుంచో కొత్తగూడెం నుంచో క్రేన్ తెప్పించి షెడ్డులోని లేత్ మిషన్ ఎత్తించుకుందామంటే అయ్యే పని కాదు.

ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకుని లేత్, డ్రిల్లింగ్ మిషన్, వెల్డింగ్ సెట్టు, పిండిమర నడుపుకునే వాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఒకటే. బరువైన మిషన్‌ను పల్లం నుంచి మెరకకు చేర్చే పని ఎండాకాలంలోనే, నేల గట్టిగా ఉన్నప్పుడే ముగించుకోండి. వరద కబురు వచ్చాక బురదలో, కరెంటు లేని చీకట్లో, మనుషులు దొరకని వేళ టన్ను బరువును కదపబోతే పోయేది మిషన్ కాదు, మనిషి.

మరి వరద వచ్చేస్తే? అప్పుడు లేత్ బాడీని ముట్టుకోకండి. పోత ఇనుము నాలుగు రోజులు నీళ్లలో ఉన్నా బాగుచేసుకోవచ్చు. నీళ్లు తగిలితే చెడేది మోటారు, స్టార్టరు, ప్యానెల్ బోర్డు, వెల్డింగ్ సెట్టు. వాటిని విప్పి మేడ మీదకు చేర్చండి. మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి, ఏ వైరు ఎక్కడిదో టేపు మీద రాసి అంటించాకే విప్పాలి. చక్, టెయిల్‌స్టాక్, కొలత పనిముట్లు కూడా పైకి వెళ్లాలి. బెడ్డుకు, లీడ్ స్క్రూకు గ్రీజు దట్టంగా పట్టించండి. నీళ్లు తీశాక ఒండ్రు ఎండి గట్టిపడకముందే కడిగేయాలి, హెడ్‌స్టాక్‌లోని పాత ఆయిలు మొత్తం వంపేయాలి. తడిసిన మోటారును వైండింగ్ షాపులో ఆరబెట్టించి పరీక్ష చేయించకుండా స్విచ్ వేయొద్దు.

ఈ కాస్త పనికైనా సమయం ఉందా అంటే, గోదావరి కొంత ఇస్తుంది. ఎగువన పేరూరు, ఏటూరునాగారం దగ్గర మట్టం ఎలా ఉందో కనుక్కుంటే ఇక్కడికి ఏం రాబోతోందో తెలుస్తుంది. కూనవరం దగ్గర శబరి కూడా పొంగి ఉంటే ఇక్కడి నీళ్లు తొందరగా తీయవు, అది లెక్కలో పెట్టుకోవాలి. ఖమ్మం మున్నేరు అంత వ్యవధి ఇవ్వదు. 2024 సెప్టెంబరు 1న గంటల వ్యవధిలోనే కాలనీల్లోకి వచ్చేసింది. మున్నేరు ఒడ్డున షెడ్డు ఉన్నవాళ్లు మోటారును వానాకాలం మొదట్లోనే ఎత్తు దిమ్మె మీద బిగించుకోవడం మేలు.

ఇక అసలు పని, అంటే మిషన్‌ను మెరకకు చేర్చడం. కొత్త చోటు చూసేటప్పుడు, 2022లో మీ గోడ మీద నీళ్లు నిలిచిన గుర్తు ఎక్కడుందో అక్కడి నుంచి నీళ్ల గొట్టంతో మట్టం పట్టి చూడండి. మేస్త్రీలు పునాదికి పట్టే సన్న ప్లాస్టిక్ గొట్టమే చాలు. ఆ గుర్తుకంటే కొత్త నేల ఎంత పైన ఉందో తేలాకే తరలింపు మాట.

తర్వాత బరువు తెలుసుకోవాలి. ఆరడుగుల బెడ్డు లేత్ తయారీని బట్టి ఏడెనిమిది వందల కిలోల నుంచి టన్ను పైదాకా ఉంటుంది. అమ్మినవాళ్లను అడగండి, పాత బిల్లు ఉంటే చూడండి. తెలియకపోతే టన్నున్నర అనుకుని జాకీ, చైన్‌పుల్లీ, బెల్టు తెచ్చుకోవాలి. ఆ బరువు రెండు వైపులా సమానంగా ఉండదు. హెడ్‌స్టాక్ వైపే ఎక్కువ. అందుకే ముందు మోటారు, చక్ తీసేసి, క్యారేజీని, టెయిల్‌స్టాక్‌ను చివరి కొసకు జరిపి బిగించాలి. దాంతో తూకం కొంత మధ్యకు వస్తుంది. పిల్లర్ డ్రిల్లింగ్ మిషన్ సంగతి వేరు, దానికి బరువంతా తలలో ఉంటుంది. తల విప్పి కిందికి దించుకోండి, లేదంటే పాత టైర్ల మీద మెల్లగా పడుకోబెట్టి తీసుకెళ్లండి. నిలబెట్టి మాత్రం దొర్లించకండి.

సామాన్లు పెద్దవేం కావు. ఐదడుగుల గడ్డపారలు రెండు, బాటిల్ జాకీ ఒకటి, గట్టి చెక్క దిమ్మెలు రకరకాల మందాల్లో డజను, మిషన్ కింది వెడల్పు కంటే ఓ అడుగు ఎక్కువ పొడవుండే రెండంగుళాల జీఐ పైపు ముక్కలు ఐదారు, మంచి మోకు, ఒక చైన్‌పుల్లీ. పైపులన్నీ ఒకే సైజువి, మందమైన రకానివి కావాలి. పలచటి పైపు నొక్కుకుపోతే మిషన్ అక్కడే కుంగుతుంది. కర్రలు కావాలంటే రిజర్వు ఫారెస్టు జోలికి పోవద్దు, కేసు అవుతుంది. సారపాక చుట్టుపక్కల జామాయిల్ కర్రలు అమ్ముతారు. ఊతకు అవి పనికొస్తాయి, పగుళ్లు చూసి ఎంచుకోండి.

గడ్డపార లెక్క చెప్తాను. మొన నుంచి మూడంగుళాల దూరంలో దిమ్మె పెడితే అవతల యాభై ఏడంగుళాలు మిగులుతుంది, అంటే పంతొమ్మిది రెట్లు. నలభై కిలోల ఒత్తిడితో ఏడొందల కిలోలకు పైగా లేస్తుంది. అంటే లేత్ ఒక కొసను ఒక్క మనిషి అంగుళం లేపగలడు. లేపడం తేలికే, లేచినదాన్ని నిలపడంలోనే ప్రమాదం. అందుకని అంగుళం లేవగానే అంగుళం చెక్క కిందికి వెళ్లాలి. ఆ చెక్కను చేత్తో పెట్టకూడదు, పొడుగాటి కర్రతో నెట్టాలి. గడ్డపార పట్టుకున్నవాడు దానికి పక్కగా నిలబడాలి. దాని మీద కూర్చోవడం, కాళ్ల మధ్య పెట్టుకోవడం, మొహం దాని పైకి వంచడం వద్దు. అది జారి ఎగిరితే దవడ పగులుతుంది. ఒక కొస రెండంగుళాలు లేచి దిమ్మెల మీద కూర్చున్నాక రెండో కొసకు వెళ్లాలి. ఒకవైపే లేపుకుంటూ పోతే అవతలి కాలు జారుతుంది. దిమ్మెలను పేర్చాల్సి వస్తే ఒక వరస అడ్డం, ఒక వరస నిలువు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలు వాడొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి.

లేత్ కాళ్లు నేరుగా పైపుల మీద దొర్లవు, పైపుల మధ్య సందులో పడతాయి. అందుకే కాళ్ల కింద పొడుగునా రెండు ఇనుప చానళ్లో, మందపాటి టేకు బద్దెలో పెట్టి, ఫౌండేషన్ బోల్టు రంధ్రాల గుండా బిగించాలి. ఈ ఒక్క పని చేసుకుంటే సగం కష్టం తీరినట్టే. గచ్చు మీద మిషన్‌ను ఈడ్చాలంటే దాని బరువులో సగం దాకా బలం కావాలి. అదే నున్నటి గచ్చు మీద పైపులపై అయితే ఇద్దరు మనుషులు నెట్టినా కదులుతుంది. ఎప్పుడూ మూడు పైపులు కింద ఉండాలి. వెనక వదిలినదాన్ని తెచ్చి ముందు పెట్టాలి. మలుపు తిప్పాలంటే పైపు కొసను సుత్తితో తట్టి ఏటవాలుగా జరపాలి. నెట్టేటప్పుడు మోకాలి ఎత్తులో నెట్టండి, పైన నెడితే తూలుతుంది. నల్లరేగడి నేల అయితే సెంట్రింగు పలకలు పరిచి వాటి మీద నడిపించండి.

నలుగురున్నా మాట ఒక్కడిదే ఉండాలి. కానీ ‘ఆగు’ అనే హక్కు అందరికీ ఉండాలి. ఆ మాట వినపడగానే చేతులు ఆగాలి.

వాలు దగ్గర ధైర్యం పనికిరాదు. ట్రాక్టర్ ట్రాలీ మూడడుగుల ఎత్తుంటే, పన్నెండడుగుల పలకల మీద ఎక్కించడానికి బరువులో నాలుగో వంతు లాగాలి. ఎనిమిది వందల కిలోలకు రెండు వందలు, పైన రాపిడి. అది చేతులతో అయ్యేది కాదు, చైన్‌పుల్లీ కావాలి. దాన్ని కట్టడానికి చింతచెట్టు మొదలు మంచిది. కరెంటు స్తంభం, ఇటుక పిల్లరు వద్దు. ట్రాలీ వెనుక చక్రాలను పల్లంలో నిలిపితే వాలు తగ్గుతుంది, గట్టుకు ఆనించి నిలిపితే ఇంకా మంచిది. దించేటప్పుడు మోకును చెట్టుకు రెండు మూడు చుట్లు చుట్టి కొద్దికొద్దిగా వదలాలి. వాలు కింద, మోకు సాగిన దారిలో ఎవరూ నిలబడకూడదు. పిల్లలను ముందే ఇంట్లోకి పంపేయండి.

చైన్‌పుల్లీని పెంకుటింటి దూలానికి వేలాడదీయొద్దు, షెడ్డు ట్రస్సుకూ వద్దు. మూడు పైపుల ముక్కాలి కట్టి, దాని కాళ్లు విడిపోకుండా కింద గొలుసు చుట్టండి. సరిగ్గా నిట్టనిలువుగానే ఎత్తాలి, పక్కకు లాగితే ముక్కాలి పడుతుంది. బెల్టును లీడ్ స్క్రూకో స్పిండిల్‌కో తగిలించకండి, బెడ్డు కిందుగా వేయండి. బెల్టు రెండు కొసలు హుక్కు దగ్గర ఎంత నిటారుగా కలిస్తే అంత తేలిక. పరుచుకుని నేలకు ముప్పై డిగ్రీల కోణానికి వస్తే ఒక్కో కొస మీద మొత్తం మిషన్ బరువంత లాగుడు పడుతుంది.

సాయానికి హమాలీలను పిలిస్తే బరువెంతో, ఎటువైపు ఎక్కువో ముందే చెప్పండి. మిర్చి బస్తా ఎత్తడంలో వాళ్లకు తిరుగులేదు గానీ, ఇనుము ఒకవైపు ఒరగడం వాళ్లకు అలవాటు లేని పని. చెప్పులతో రానివ్వకండి, బూట్లు మీరే ఇప్పించండి. గంటల లెక్కన బేరం పెట్టకుండా రోజు కూలి మాట్లాడుకోండి. తొందర లేని చోట వేళ్లు నలగవు.

కొత్త షెడ్డులో దించాక స్పిరిట్ లెవెల్‌ను బెడ్డుకు అడ్డంగా, రెండు కొసల్లోనూ పెట్టి చూడాలి. రెండు చోట్లా బుడగ ఒకేలా నిలిచేదాకా కాళ్ల కింద రేకు ముక్కలతో సర్దాలి. లేకపోతే బెడ్డు మెలిక తిరిగి, పని కొన తేరుతుంది. త్రీఫేజ్ మోటారు తిరగేసి తిరిగితే మెయిన్ ఆపి ఏవైనా రెండు ఫేజులు మార్చండి. ఆపైన చక్‌లో అంగుళంన్నర రాడ్డు బిగించి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా ఐదారంగుళాల పొడవున సన్నటి కోత వేసి, రెండు కొసల్లోనూ మైక్రోమీటర్‌తో కొలవండి. తేడా కనిపిస్తే మళ్లీ లెవెల్ దగ్గరికి రండి. వారం నడిచాక బోల్టులు మరోసారి బిగించి, ఇంకోసారి కొలవండి.