సముద్ర జీవశాస్త్రజ్ఞుని వృత్తి: పరిశోధన, బోధన

భూగోళ ఉపరితలంలో సుమారు 71 శాతం సముద్ర జలమే. ఆ జలరాశిలో కంటికి కనిపించని ఏకకణ శైవలాలు మొదలుకొని తిమింగలాల వరకు గల ప్రాణికోటి నిర్మాణాన్ని, జీవన విధానాన్ని, పరస్పర సంబంధాలను వివరించే శాస్త్రమే సముద్ర జీవశాస్త్రం. దీనిని వృత్తిగా స్వీకరించినవారు ఏమి చేస్తారు, తాము నేర్చినదానిని ఇతరులకు ఏ విధంగా అందజేస్తారు అను విషయాలను పరిశీలించుట ఈ వ్యాస ప్రయోజనం.

సంజామల వంటి మెట్ట ప్రాంతపు విద్యార్థికి వెంటనే ఒక సందేహం కలుగవచ్చును. సముద్రానికి ఇంత దూరాన ఉన్న మనకు ఆ శాస్త్రంతో పని యేమి? నిజానికి మన పాదాల క్రింద ఉన్నది ఒకనాటి సముద్రపు అడుగే. ఈ ప్రాంతపు శిలలకు భూగర్భ శాస్త్రజ్ఞులు కర్నూలు సముదాయమని పేరు పెట్టారు. అందులోని పొరలకు బనగానపల్లె క్వార్ట్‌జైట్, ఔకు షేలు, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు అని మన ఊళ్ళ పేర్లే ఉన్నవి. కోట్లాది సంవత్సరాల క్రితం, చేపలు ఇంకా పుట్టని కాలంలో, ఇచ్చట విస్తరించిన లోతు తక్కువ సముద్రంలో బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడగా ఈ సున్నపురాళ్ళు, షేళ్ళు ఏర్పడినవి. బెలుం గుహలు తొలువబడినది కూడ ఈ సముదాయానికే చెందిన నార్జి సున్నపురాతిలో. కనుక సముద్రం మనకు అపరిచితమైన వస్తువు కాదు.

తెలుగు నేలపై ఆధునిక సముద్ర విజ్ఞానానికి నెలవుగా నిలిచినది వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. 1952లో అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ అచ్చటికి సందర్శకాచార్యునిగా వచ్చి, స్థానిక అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని అధ్యయనం చేశారు. ఆ ఫలితాలు విశ్వవిద్యాలయ ప్రచురణలుగా 1954లోను, 1958లోను వెలువడినవి. తీరం వెంబడి నైరుతి గాలులు వీచేటపుడు ఉపరితల జలం తీరానికి దూరంగా త్రోయబడుతుంది. ఆ లోటును పూరించుటకు లోతులనుండి చల్లని, పోషక లవణాలు గల నీరు పైకి వస్తుంది. ఆ నీటిలో ప్లవకాలు విస్తారంగా వృద్ధి చెందుతాయి. వాటిని తిని చేపలు పెరుగుతాయి. మన తూర్పు తీరంలో ఈ జలోద్గమాన్ని లాఫాండ్ వివరించారు. తదుపరి 1963లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన యాత్రలో భాగంగా ‘ఆంటన్ బ్రూన్’ నౌకపై పనిచేసినపుడు తూర్పు తీరం వెలుపల కనుగొన్న సముద్రగర్భ లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అను పేర్లు పెట్టబడినవి. వీటిలో రెండవది విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్రాచార్యులు సి. మహాదేవన్ గారి పేరు.

అదే విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రాచార్యులు పి. ఎన్. గణపతి గారు సముద్ర జీవశాస్త్ర పరిశోధనను పెంపొందించారు. వారి పరిశోధనా క్షేత్రం వారి వాకిటనే ఉన్నది. వాల్తేరు తీరజలాలలో ఉష్ణోగ్రత, లవణీయత ఋతువులను బట్టి ఎట్లు మారునో, ఆ మార్పులకు ప్లవకాల వృద్ధి ఎట్లు స్పందించునో పరిశీలించారు. జి. చంద్రశేఖరరావు గారితో కలిసి, ఇసుక రేణువుల నడుమ సందులలో జీవించే అతి సూక్ష్మ జంతువులను గూర్చి 1962లో వ్యాసం ప్రకటించారు. సామాన్యుడు నడచిపోయే ఇసుకలో ఒక ప్రపంచమే దాగియున్నదని ఆ వ్యాసం తెలియజేసినది. 1973లో ఎ. వి. రామన్ గారితో కలిసి విశాఖపట్నం రేవులోని కాలుష్యాన్ని గూర్చి వ్రాశారు. ఇతర జీవులు నశించే మురికి బురదలో కాపిటెల్లా అను పురుగు మాత్రం విస్తారంగా పెరుగుతుంది; కనుక ఆ పురుగే కాలుష్యానికి సూచిక అగును.

ఈ వ్యాసాలలో ఆచార్యుని పేరు ప్రక్కన తర్వాతి తరం పరిశోధకుల పేర్లు కనిపించుట గమనింపదగిన విషయం. పాఠం చెప్పుట, పరిశోధన చేయుట వేరువేరు పనులు కావు. తరగతి గదిలో పుట్టిన ప్రశ్న తీరానికి వెళుతుంది. తీరంలో దొరికిన సమాధానం తరగతి గదికి తిరిగి వస్తుంది. ఈ రాకపోకలు నిలిచిపోయిననాడు బోధన వల్లెవేతగాను, పరిశోధన అలంకారంగాను మిగిలిపోతుంది.

జాతీయ స్థాయిలో ఇందుకు ఉదాహరణ డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం. 1926లో అలహాబాదులో జన్మించిన ఆయన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివి, అచ్చటనే అధ్యాపకులైనారు. అలీగఢ్ కూడ సముద్రానికి దూరమైన ఊరే! వేల్స్‌లోని బాంగర్‌లో డాక్టరేటు పొంది తిరిగివచ్చి, కొచ్చిన్ ఉప్పునీటి కయ్యలలో సేంద్రియ పదార్థ ఉత్పత్తిని కొలిచారు. 1974లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు సంచాలకులైనారు. 1981 డిసెంబరు 6న గోవా నుండి బయలుదేరిన 21 మంది సభ్యుల తొలి భారత అంటార్కిటికా యాత్రకు నాయకత్వం వహించి, 1982 జనవరి 9న ఆ ఖండంపై పాదం మోపారు. అనంతరం 1989 నుండి 1991 వరకు జామియా మిల్లియా ఇస్లామియాకు ఉపకులపతిగా పనిచేసి, తిరిగి విద్యారంగాన్నే సేవించారు. 2015లో పరమపదించారు.

జల ఉత్పత్తిని కొలుచుటకు పేరుగన్న పద్ధతి మన కళాశాలలోనూ సాధ్యమే. చెరువు నీటిని మూడు గాజు సీసాలలో నింపవలెను. ఒకదానిలోని ఆక్సిజన్‌ను వింక్లర్ పద్ధతిలో వెంటనే కొలవవలెను. రెండవదానిని అట్లే, మూడవదానిని నల్లని గుడ్డ చుట్టి, కొన్ని గంటలపాటు చెరువులో వ్రేలాడదీయవలెను. వెలుగు సీసాలో కిరణజన్య సంయోగ క్రియ, శ్వాసక్రియ రెండును జరుగును. చీకటి సీసాలో శ్వాసక్రియ మాత్రమే. ఉదాహరణకు లీటరుకు మొదట 6 మిల్లీగ్రాములున్న ఆక్సిజన్ వెలుగు సీసాలో 9కి పెరిగి, చీకటి సీసాలో 5కు తగ్గినదనుకొందము. ఆ రెంటి భేదమైన 4 మిల్లీగ్రాములే ఆ వ్యవధిలో జరిగిన మొత్తం ఉత్పత్తి. ప్రతి నెలా ఈ కొలతలు తీసి పుస్తకంలో నమోదు చేసిన విద్యార్థి అప్పటికే పరిశోధకుడు.

ఈ మార్గంలో ముందుకు సాగదలచినవారు జంతు, వృక్ష, రసాయన శాస్త్రాలలో ఏదేని ఒకదానిలో గట్టి పునాది వేసుకొని, స్నాతకోత్తర విద్య, ఆపై డాక్టరేటు పొందవలసియుండును. వాల్తేరు విశ్వవిద్యాలయంతోపాటు జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థల ప్రాంతీయ కేంద్రాలు విశాఖపట్నంలో కలవు. మత్స్యకారులకు చేపలు లభించే తావులను, దేశానికి సునామీ హెచ్చరికలను తెలియజేసే ఇన్‌కాయిస్ సంస్థ పనిచేస్తున్నది తీరాన కాదు, హైదరాబాదులో.

కనుక సముద్రం దూరమన్న మాట మన విద్యార్థినీ విద్యార్థులకు ప్రతిబంధకం కారాదు. చెరువు నీరు, కుందూ నది ఇసుక, ఇంటి ముంగిటి నాపరాయి మన తొలి పాఠ్యపుస్తకాలు. వాటిని చదువుటకు ఒక సూక్ష్మదర్శిని, కొన్ని సీసాలు, క్రమం తప్పని పరిశీలన చాలును. ఆ సాధనాలను సమకూర్చుటకు కళాశాల పాలక వర్గమువారు, వాటిని సద్వినియోగ పరచుటకు విద్యార్థులు పూనుకొందురుగాక!